కాకి కబురు

చనిపోయిన మనిషి ఫోన్ చేసి, "ఏమ్మా, మీటింగు నోటీసు నాకింకా రాలేదేంటి?" అని అడిగితే ఎవరైనా ఏం చేస్తారు? పూర్వతీర విశ్వవిద్యాలయం ఉపకులపతి డాక్టర్ చంద్రిక కుర్చీలోంచి లేచి నిలబడింది. పోయిన వారం మనం ఆమెను అక్కడే, చేతిలో ఫోనుతో, నోట మాట రాకుండా వదిలేసి వచ్చాం.

కథలోకి ఇప్పుడే అడుగుపెడుతున్నవారికి నాలుగు మాటలు చెప్పాలి. బాపట్లలో ఉన్న ఆ విశ్వవిద్యాలయానికి సముద్రం ఒడ్డున ఉప్పునేల క్షేత్రం ఒకటి ఉంది. ఉప్పునీరు తగిలినా చావని వరి వంగడం పుట్టింది అక్కడే. పుట్టించింది బసవపున్నయ్య మాస్టారు. మొదటి బ్యాచి విద్యార్థి, తర్వాత అక్కడే పాఠాలు చెప్పి, ఉపకులపతిగా కూడా చేసి దిగిపోయిన మనిషి. ఇప్పుడా నేలను రిసార్టు కట్టుకునే కంపెనీకి లీజుకిచ్చేయాలని పాలకమండలిలో ఒక వర్గం పట్టుబట్టింది. పూర్వ విద్యార్థుల ప్రతినిధిగా బసవపున్నయ్య మండలిలో ఉన్నంతకాలం ఓట్లు సమానం. సమానమైనప్పుడు అధ్యక్ష స్థానంలో ఉన్న చంద్రిక ఓటు వేయొచ్చు, ఆమె ఓటు నేలకే. అందుకే ఆ కాగితం రెండేళ్ళుగా కదలలేదు.

అంతలో ఆయన పోయారని కబురు వచ్చింది. మండలి రెండు నిమిషాలు మౌనం పాటించింది, వెంటనే ఒక్క ఓటు తేడాతో తీర్మానం గట్టెక్కింది. దాన్ని ఖరారు చేసే సమావేశం రేపు పొద్దున. ఖరారయ్యేలోపు సభ్యుడెవరైనా లేచి 'నాకు నోటీసు ఇవ్వకుండా ఈ పని చేశారు' అంటే తీర్మానం కొట్టుకుపోతుంది. ఆ లేవాల్సిన సభ్యుడి ఫొటోకి దండ పడి వారం దాటింది. వేసింది చంద్రికే.

ఫోన్ వచ్చిన ఆ మధ్యాహ్నమే ఆమె ఆఫీసులో తెనాలి వెళ్తున్నానని చెప్పింది. అబద్ధం కాదు, తెనాలి వెళ్ళింది. చెల్లెలు రమణి ఇంటి ముందు యూనివర్సిటీ కారు ఆపించి, డ్రైవరు ఆశీర్వాదాన్ని భోంచేసి కాసేపు నడుం వాల్చమని చెప్పి, తాను పెరటి గుమ్మంలోంచి బయటపడి ఆటో ఎక్కి స్టేషనుకు పోయి రేపల్లె బండి పట్టుకుంది. అరవైకి దగ్గరపడుతున్న మనిషి, వేలమంది పిల్లలకు పట్టాలిచ్చే మనిషి, కాలేజీ ఎగ్గొట్టి సినిమాకు పోయేదానిలా దొడ్డిదారిన పోవాల్సి వచ్చిందే అని ఆమెకు సిగ్గేసింది. కానీ ఏం చేస్తుంది? ఉపకులపతి కారు ఎటు తిరిగిందో సాయంత్రానికల్లా జయంత్ చెవిన పడుతుంది.

జయంత్ ఆమెతో కలిసి చదువుకున్నవాడు. పూర్వ విద్యార్థుల సంఘానికి అధ్యక్షుడు, మండలిలో అందరికన్నా పాత సభ్యుడు, తెనాలిలో కాలేజీలున్నవాడు, లీజు కావాలనే వర్గానికి పెద్ద. మాస్టారు పోయారని ఆమెకు ఫోన్ చేసి చెప్పిందీ అతనే. చెప్తూ ఏడ్చాడు కూడా. "పెనుమూడి, మాస్టారింటికి వెళ్దామా జయంత్?" అని చంద్రిక అడిగితే, "వద్దు చంద్రికా, మధ్యాహ్నమే తీసేశారట. ఇంట్లోవాళ్ళు ఎవర్నీ రావద్దన్నారు" అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మటం ఆమెకు సుఖంగా ఉంది, అసలు సంగతి అది. మర్నాడు కాక ఆ మర్నాడే మండలి సమావేశం, బల్ల మీద కొండంత పని.

బండి జంపని దాటింది, వేమూరు దాటింది. కిటికీ పక్కన కూర్చున్న చంద్రికకు పొలాలేవీ కళ్ళకు ఆనలేదు. సెనేటు హాల్లోని గోడ కనిపిస్తూనే ఉంది. దాన్ని అందరూ 'పెద్దల గోడ' అంటారు. అక్కడ చదువుకుని పైకొచ్చినవాళ్ళ ఫొటోలన్నీ దాని మీదే. జడ్జీలు, కలెక్టర్లు, విత్తనాల శాస్త్రవేత్తలు, పాత ఉపకులపతులు. బతికున్నవాళ్ళ ఫొటో ఉత్తిగా ఉంటుంది, పోయినవాళ్ళ ఫొటోకి గంధపు చెక్క దండ ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలు కూడా దాన్ని చూసే ఎవరున్నారో ఎవరు లేరో తెలుసుకుంటారు. మాస్టారి ఫొటోకి దండ వేసేటప్పుడు తాను స్టూలు ఎక్కింది, చీర కుచ్చెళ్ళు తట్టుకుంటాయేమోనని జాగ్రత్తపడింది, కిందికి దిగాక దండ సరిగ్గా మధ్యకు వచ్చిందో లేదో వెనక్కి జరిగి మరీ చూసుకుంది.

రేపల్లెలో దిగి పెనుమూడికి ఆటో మాట్లాడుకుంది. కృష్ణ మీది వారధి ఇంకా కనిపించకముందే ఆటో ఎడమచేతి సందులోకి తిరిగి, అరటి తోట పక్కన ఉన్న డాబా ఇంటి ముందు ఆగింది. గేటు తీయగానే ఆమె కాళ్ళు నిలిచిపోయాయి. వాకిలినిండా ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వరసలుగా వేసి ఉన్నాయి. అవి చావింటి ముందో పెళ్ళింటి ముందో వేసే కుర్చీలు. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. వాటికి ఎదురుగా అరుగు మీద, పంచె, బనీనుతో, పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని, బసవపున్నయ్య మాస్టారు కూర్చుని ఉన్నారు.

"రామ్మా చంద్రికా," అన్నారాయన. "శవాన్ని చూడ్డానికొచ్చావా, మనిషిని చూడ్డానికొచ్చావా?"

చంద్రిక అరుగెక్కి, వంగి, ఆయన పాదాలు పట్టుకుంది. వెచ్చగా ఉన్నాయి. ఎనభై ఏళ్ళు దాటిన పాదాలు, పగుళ్ళలో ఇంకా మట్టి ఉంది. అవి వెచ్చగా ఉండటం చూశాక ఆమెకు ఏడుపు ఆగలేదు.

"ఇదిగో బసవమ్మా, మంచినీళ్ళు పట్రా," ఆయన లోపలికి కేకేశారు. "యూనివర్సిటీవాళ్ళు వచ్చారు. ఇన్నాళ్ళకి తీరిందంట."

నీళ్ళ గ్లాసుతో వచ్చిన బసవమ్మ ఆయన చెల్లెలు. భర్త పోయాక అన్నగారి ఇంటికే వచ్చి ఈ ఇల్లూ ఆ అన్ననీ రెండిటినీ ఒక్క చేత్తో నడుపుతున్న మనిషి. చంద్రిక చదువుకునే రోజుల్లో ఎన్నోసార్లు ఈమె చేతి అన్నం తిన్నది. బసవమ్మ గ్లాసు ఇచ్చి, అన్నవైపు చూసి, నొచ్చుకున్నట్టు అంది.

"ఆ పిల్లనేం అనబాక అన్నయ్యా. తప్పు నాది. అంతా ఆ కాకి వల్ల వచ్చింది."

"కాకి ఏంటి పిన్నిగారూ?"

"ఆ శనివారం పొద్దున పసుపు కొమ్ములు ఎండబోస్తుంటే ఎక్కడినుంచి వచ్చిందో, అన్నయ్య నెత్తిన తన్ని పోయిందమ్మా. ఒట్టి నెత్తి, కండువా కూడా లేదు. కాకి తంతే గండం కదా. మా అమ్మ చెప్పేది, అట్టాంటప్పుడు మనిషి పోయాడని అయినవాళ్ళకి కబురు పెట్టాలంట. వాళ్ళు నిజంగా ఏడవాలి. ఆ ఏడుపుతో గండం కొట్టుకుపోతది, ఆయుష్షు పెరుగుతది. పొద్దుగూకేలోపు మళ్ళీ కబురు పెట్టి, లేదులే, బాగానే ఉన్నాడు, కాకి కబురులే అని చెప్పాలి. మా మనవరాలు సాయిసుధ చేత చుట్టాల గ్రూపులో పెట్టించా. సాయంత్రం అందరికీ ఫోన్లు చేసి చెప్పించా. ఎవరూ ఏమీ అనుకోలా. నవ్వుకున్నారు."

"ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసి, ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పినవాణ్ణి," అన్నారు బసవపున్నయ్య, "చెల్లెలు ఏడుస్తుందని ఒప్పుకున్నా. ఒక్క పూట చచ్చిపోతే ఏం పోయిందిలే అనుకున్నా. మర్నాడు పొద్దున పేపరు తీస్తే నా ఫొటో."

ఆయన నవ్వబోయారు, నవ్వు సగంలో ఆగిపోయింది. చేత్తో వాకిట్లోని కుర్చీలు చూపించారు.

"ఇవెందుకు వేయించానో తెలుసా? పేపర్లో వేశారంటే యూనివర్సిటీకి తెలిసినట్టే. ఇక కారులన్నీ ఇటే తిరుగుతాయి, మనవాళ్ళంతా వస్తారు, వచ్చి నన్నిట్టా అరుగు మీద చూసి హడలిపోతారు, ఆ మొహాలు చూసి ఒక నెల నవ్వుకోవచ్చు అనుకున్నా. బసవమ్మ చేత కుండెడు మజ్జిగ చేయించా. షామియానా సప్లై కుర్రాళ్ళ దగ్గర కుర్చీలు తెప్పించా, ఇప్పటికీ వెనక్కి పంపలేదు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నా."

చంద్రిక తల వంచుకుంది.

"పొద్దున కూర్చున్నా. మధ్యాహ్నం కూర్చున్నా. మర్నాడు కూడా కూర్చున్నా. ఎవరూ రాలేదమ్మా. మీ గోడ మీద ఉన్నవాళ్ళలో ఎంతమంది పట్టాల మీద నేను సంతకాలు పెట్టానో, ఎంతమంది ఈ ఇంట్లో కంచం ముందు కూర్చున్నారో నీకు తెలుసు. ఫ్లెక్సీ కట్టారంట, సెలవిచ్చారంట, దండేశారంట. బాపట్ల నుంచి ఇక్కడికి ఎంత దూరం? చెరుకుపల్లి మీదుగా కూనిరాగం తీస్తూ వచ్చినా వచ్చేస్తారు. మీలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, శవాన్ని చూడ్డానికి వచ్చి ఉంటే నేను బతికున్నానని ఆ రోజే తెలిసేది."

దెబ్బ అంటే ఇది. మనిషి పోతే వెళ్ళి చూడాలి. ఈ ప్రాంతంలో బడికి పోనివాడికి కూడా ఎవరూ నేర్పక్కర్లేని సంగతి. పొలంలో గట్టు తగాదా ఉన్నవాడు కూడా తగాదా పక్కనబెట్టి వెళ్ళి, ఓ క్షణం నిలబడి, చెంబుడు నీళ్ళతో కాళ్ళు కడుక్కుని వస్తాడు. డాక్టరేట్లున్న మనుషులు, వందమంది, ఒక వాట్సాప్ మెసేజీ కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టి చేతులు దులుపుకున్నారు. వాళ్ళందరిలో ముందున్నది చంద్రిక.

"మాస్టారూ, తప్పయిపోయింది. క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు," అంది. "కానీ రేపు పొద్దున మీరు రావాలి. వచ్చి ఒక్క మాటంటే చాలు. లేకపోతే ఉప్పునేల పోతుంది. ఒకసారి పునాదులు తీస్తే ఇక దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు."

"నేనెందుకు రావాలి?"

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

"మీ లెక్కలో నేను పోయాను కదమ్మా. పోయినవాడు వచ్చి ఓటేస్తే అది దొంగ ఓటవుతుంది. నా నేల, నా వరి అని యాభై ఏళ్ళు పట్టుకు వేలాడాను. నాకంటూ అక్కడ ఎవరూ లేరని ఈ కుర్చీలు చెప్పినయ్. పోనీలే. కట్టుకోనీ, ఈత కొలనులు కట్టుకోనీ."

"అట్లా అనకండి మాస్టారూ."

"ఒక్కటి చెప్పు. మౌనం పాటించారు కదా రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ నువ్వేం ఆలోచించావు?"

చంద్రిక నోరు తెరిచింది. మిమ్మల్నే తలుచుకున్నాను మాస్టారూ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. రాకేం, ఉపకులపతి కుర్చీలో మూడేళ్ళు కూర్చున్నాక అట్లాంటి మాటలు వాటంతటవే వస్తాయి. ఎదురుగా ఆయన కళ్ళు ఉన్నాయి. ఆమె ఆ మాట మింగేసింది.

"అజెండా," అంది. "ఏ అంశం ముందు పెట్టాలి, ఏది తర్వాత పెడితే గొడవ తక్కువవుతుంది అని. మీ గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదండి."

"ఏడవలేదా అమ్మాయ్?" బసవమ్మ అడిగింది. ఆమె అడగటంలో దెప్పు లేదు, భయం ఉంది. అయినవాళ్ళ ఏడుపుతో పోవాల్సిన గండం పోయిందో లేదోనని భయం.

"లేదు పిన్నిగారూ. ఇదిగో, ఇప్పుడు ఏడిచాను."

అరటి ఆకులు గాలికి ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. మాస్టారు పేపరు విప్పి, మళ్ళీ మడిచి, పక్కన పెట్టారు.

"నేనూ అంతేనమ్మా," అన్నారు చివరికి. "ఆ కుర్చీలో ఉన్నప్పుడు ఎంతమందికి మౌనం పాటించానో. కళ్ళు మూసుకుని లోపల బడ్జెట్టు సరిచూసుకునేవాణ్ణి. నిజం చెప్పావు. ఆ గోడ మీదున్న పెద్దమనుషుల్లో ఒకళ్ళ నోట నిజం వినటం నాకిదే మొదలు."

ఆ మెత్తదనం చూసి చంద్రిక ప్రాణం లేచొచ్చింది. "జయంత్ ఫోన్ చేసినప్పుడైనా నేను బయల్దేరి రావాల్సింది మాస్టారూ. మధ్యాహ్నమే తీసేశారు, ఎవర్నీ రావద్దన్నారు అన్నాడు, నేను సరేనన్నాను."

లోపలికి పోబోతున్న బసవమ్మ గడపలోనే ఆగిపోయింది.

"ఎవరన్నారు?"

"జయంత్ అండి. తెనాలి జయంత్."

"మా కృష్ణవేణక్క కొడుకా?" బసవమ్మ వెనక్కి వచ్చి అరుగు మీద కూలబడింది. "వాడు మా గ్రూపులో ఉన్నాడమ్మా. అన్నయ్యకి మేనల్లుడి వరస. పొద్దున కబురు చూసి ఫోన్ చేసి బావురుమన్నాడు, మావయ్యా మావయ్యా అని. వాడి ఏడుపు విని నాకే కడుపు తరుక్కుపోయింది. సాయంత్రం మొట్టమొదట వాడికే ఫోన్ చేసి చెప్పా, లేదురా నాయనా, కాకి తన్నిందిరా, మావయ్య బాగానే ఉన్నాడు, పూర్ణాలు తింటున్నాడు అని. పీడ పోయిందిలే పిన్నీ అన్నాడు. నవ్వాడు. నా చెవులతో విన్నాను."

"సాయంత్రమే చెప్పారా?"

"దీపాలు పెట్టకముందే చెప్పానమ్మా."

చంద్రిక లెక్కేసుకుంది. ఆమెకు జయంత్ ఫోన్ వచ్చింది దీపాలు పెట్టాక. టీవీలో ఏడున్నర వార్తలు నడుస్తుండగా. అంటే మావయ్య పోయాడని నిజంగా ఏడ్చాడు. మావయ్య బతికున్నాడని తెలిసి నవ్వాడు. ఆ తర్వాత నింపాదిగా కూర్చుని ఆలోచించి, ఉపకులపతికి ఫోన్ చేసి రెండోసారి ఏడ్చాడు. ఆ రెండో ఏడుపులో ఆమెకు తేడా తెలియలేదు. మండలి సమావేశానికి తెల్లబట్టల్లో వచ్చి, లేచి నిలబడి, మాస్టారి ఆత్మశాంతికి మౌనం పాటిద్దామని ప్రతిపాదించినప్పుడు జేబురుమాలుతో కళ్ళు కూడా అద్దుకున్నాడు.

"అయితే ఇది కాకి పని కాదన్నమాట," అన్నారు బసవపున్నయ్య. ఆయన గొంతు మారింది. పాఠం మధ్యలో చివరి బెంచీవాణ్ణి పట్టుకున్నప్పటి గొంతు. "ఖరారయ్యాక నేను బతికున్నానని బయటపడినా వాడికేం నష్టం లేదు. అయ్యో, నేనూ మోసపోయానండి, మా పిన్ని కాకి కబురు పెట్టింది అంటాడు. నెపమంతా ఆ పక్షి మీదకి, ఈ వెర్రిబాగుల చెల్లెలి మీదకి నెట్టేస్తాడు. లోకం నవ్వుతుంది, నేల పోతుంది."

"నా చేతులతో నేనే చేశానా అన్నయ్యా?" బసవమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నువ్వేం చేశావే? నా ఆయుష్షు పెంచావు. పెరిగిన ఆయుష్షు దేనికోసమో ఇప్పుడు తెలిసింది." ఆయన లేచి నిలబడ్డారు. స్తంభం పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. చంద్రిక అది చూసింది. చూసి కూడా తన ఆశలో పడి పట్టించుకోలేదు.

"ఇప్పుడే నాతో వచ్చేయండి మాస్టారూ. రాత్రికి మా ఇంట్లో ఉండొచ్చు."

"వద్దు. నువ్వు వెంటబెట్టుకుపోతే, ముసలాణ్ణి నూరిపోసి తెచ్చిందంటారు. నేను మండలి సభ్యుణ్ణి. నా ఊరి నుంచి, నా అంతట నేను వస్తా. పొద్దున్నే సాయిసుధ కారులో దింపుతుంది. నువ్విక్కడికి వచ్చినట్టు ఎవరికీ చెప్పబాక." గేటుదాకా వచ్చి, ఆయన ఒక మాట చేర్చారు. "ఆ దండ అట్లాగే ఉంచు. తియ్యొద్దు. నేనొచ్చి, వాడు చూస్తుండగా, నా దండ నేనే తీసుకుంటా."

రేపల్లె నుంచి వెనక్కి వస్తుంటే చంద్రికకు చాలా రోజుల తర్వాత ఆకలేసింది. తెనాలిలో చెల్లెలు పెట్టిన అన్నం కడుపునిండా తిన్నది. 'ఎక్కడికి పోయావే అక్కా, నీ డ్రైవరు నీకోసం అడుగుతున్నాడు' అని రమణి గుచ్చి గుచ్చి అడిగితే, మాస్టారింటికి అనబోయి, 'గుడికి' అని నాలుక మడతేసింది.

తెల్లవారింది. బాపట్లలో ఎండ అప్పుడే చిటపటలాడుతోంది. చంద్రిక అందరికన్నా ముందు సెనేటు హాలుకు చేరి పెద్దల గోడ ముందు నిలబడింది. ఫొటోలో మాస్టారు నలభై ఏళ్ళ మనిషి, మోకాళ్ళదాకా పంచె ఎగగట్టి ఉప్పునేలలో నిలబడి ఉన్నారు. ఫొటో మీద దండ. దాన్ని పీకి అవతల పారేయాలని చెయ్యి లాగింది. ఇంకాసేపట్లో ఆయనే తీస్తారు కదా అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

సభ్యులు ఒక్కొక్కరే వచ్చారు. జయంత్ వచ్చాడు. గోడ దగ్గర ఆగి, మాస్టారి ఫొటోకి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు.

"ఇవాళ ఉంటే ఎంత సంతోషించేవారో మేడమ్," అన్నాడు.

నలుగురిలో ఉన్నప్పుడు మేడమ్, విడిగా చంద్రిక. ఆమె అతని మొహంలోకి చూసింది. ఎక్కడైనా, కంటి కొసలోనైనా, ఒక చిన్న బెరుకు కనిపిస్తుందేమోనని వెతికింది. లేదు. సెంటు వాసన వేస్తోంది. "అవును, సంతోషిస్తారు," అంది. తేడా అతనికి అందలేదు.

ఆమె వరండాలోకి వచ్చి గేటువైపు చూస్తూ నిలబడింది. ఒక కారు వచ్చింది, అది ఫైనాన్స్ ఆఫీసరుది. మరొకటి వచ్చింది, అందులోంచి పాల ప్యాకెట్లు దిగాయి. మాస్టారింటికి ఫోన్ చేసింది, ఎత్తలేదు. దారిలో ఉన్నారు, అందుకే ఎత్తలేదు అని తనకు తానే చెప్పుకుంది. చెరుకుపల్లిలో రైల్వే గేటు లేదు కదా, ఎందుకు ఆలస్యం అనుకుంది. టిఫిన్‌కు ఆగి ఉంటారు అనుకుంది.

ఫోన్ మోగింది. బసవమ్మ.

"పిన్నిగారూ, బయల్దేరారా? ఎంతదాకా వచ్చారు?"

ఫోన్లో వెనకాల ఎవరో చాలామంది ఉన్న చప్పుడు, కుర్చీలు జరుపుతున్న చప్పుడు.

"అన్నయ్య లేడమ్మా."

చంద్రిక స్తంభానికి ఆనుకుంది. ఆ ఒక్క క్షణంలో ఆమె మొక్కని దేవుడు లేడు. మొక్కింది కూడా ఒకటే, ఇది కాకి కబురు కావాలి. "మళ్ళీ కాకి తన్నిందా పిన్నిగారూ? పర్లేదు, నాతో చెప్పండి. సాయంత్రం దాకా ఆగొద్దు, ఇప్పుడే చెప్పేయండి."

"ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సాయిసుధ కారు తీసింది. చెప్పులేసుకుంటానని అరుగు మీద కూర్చున్నాడు. ఒక చెప్పు వేసుకున్నాడు. అంతే, ఇక లేవలా."

హాలు తలుపు దగ్గర జయంత్ నిలబడి ఉన్నాడు. "అందరూ వచ్చేశారు మేడమ్. మొదలుపెడదామా? మీకు ఒంట్లో బాగా లేనట్టుంది. ఫర్వాలేదు, మీరు వెళ్ళండి. నేను కూర్చుని కానిచ్చేస్తాను."

ఆమె వెళ్తే, అందరికన్నా పాత సభ్యుడిగా అతను అధ్యక్ష స్థానంలో కూర్చుంటాడు, తీర్మానం ఖరారవుతుంది. తాను కూర్చుంటే, తీర్మానం చేసిన రోజు బసవపున్నయ్య బతికే ఉన్నారని చెప్పగలిగే నోరు ఆ హాల్లో ఆమెది ఒక్కటే ఉంటుంది. సమావేశం వాయిదా వేద్దామా అంటే ఏమని వేస్తుంది? మాస్టారు పోయారనా? ఆ పేరు మీద మౌనం పాటించటం అయిపోయింది, సెలవివ్వటం అయిపోయింది, దండ పడింది. ఒక మనిషి రెండుసార్లు పోయాడంటే ఎవరు నమ్ముతారు? తెరిచిన తలుపులోంచి గోడ మీది ఫొటో కనిపిస్తోంది. ఆయన తీసుకుంటానన్న దండ దాని మీదే ఉంది.

"అమ్మాయ్, ఉన్నావా?" ఫోన్లో బసవమ్మ గొంతు పూడుకుపోయింది. "ఈసారి కాకి లేదమ్మా. మధ్యాహ్నమే తీసేస్తారంట. నువ్వైనా చూడ్డానికి వస్తావా?"